వాయిదా పడ్డ కుడిచెయ్యి

కొంగలంక మత్స్యకారుల సహకార సంఘం ఏడాది పొడుగునా పెసింగి తాతబ్బాయి కుడిజబ్బ మీద ఆధారపడి బతికింది. సంఘానికి పాలకవర్గం ఉంది. అధ్యక్షుడున్నాడు. తాళం వేసిన ఆఫీసు గది ఉంది, ఆ తాళానికి చెవి కూడా ఉంది. ఇన్ని ఉన్నా జబ్బ లేవందే ఏదీ కదల్లేదు.

తాతబ్బాయి కావాలని చేసుకున్నది కాదు. ఒకనాడు గోదావరి పాయలో వల విసిరితే అది నీళ్ళడుగున ఉన్న తాటిమొద్దుకు తగులుకుంది. కొత్త వల. వదల బుద్ధి కాక గట్టిగా గుంజాడు. వల చిరగలేదు గానీ జబ్బలో ఏదో చిరిగింది. ఇంటికొచ్చి చొక్కా విప్పబోతే చెయ్యి నడుము దాటి పైకి రానంది.

"వలేది మావా?" అంది భార్య పల్లాలమ్మ.

"తెచ్చాను."

"మరి సెయ్యేంటి అలా వేలాడతంది?"

"అదీ తెచ్చాను. పనిచెయ్యట్లేదు."

పట్నం ఆసుపత్రిలో డాక్టరమ్మ జబ్బకు మూడు చిన్న కంతలు పెట్టి, గొట్టంలోంచి చూస్తూ లోపల పని చేసింది. మర్నాడు మంచం పక్కన కూర్చుని చెప్పింది. "కండని ఎముకకి పట్టి ఉంచే నరం తెగిందయ్యా. ఎముకలో చిన్న లంగరు దించి, దానికి దారంతో ఆ నరాన్ని కట్టేశాం."

తాతబ్బాయికి జన్మలో అర్థమైన వైద్యం ఇదొక్కటే. లంగరు దించి తాడు కట్టడం అతనికి తెలుసు.

"మళ్ళీ ఎప్పుడు లాగొచ్చండీ?"

"కట్టింది పట్టు దొరికించుకోవాలి. ముందు నెలన్నరా చెయ్యి ఈ ఉయ్యాలపట్టీలోనే ఉండాలి. ఆ తర్వాత ఎడంచేత్తో పట్టుకుని కుడిచెయ్యి నెమ్మదిగా లేపుకోవాలి. దానంతటది లేవడం ఆ తర్వాత, బలం రావడం ఇంకా తర్వాత. వల విసరడం అంటావా, ఏడాది దగ్గర అడుగు. తొందరపడితే తెగుతుంది. అసలు కదపకపోతే బిగుసుకుపోతుంది. రెండూ చెయ్యకు."

"అంటే మధ్యన ఉండాలండి."

"మధ్యనే ఉండాలి."

కొంగలంకలో మధ్యన ఉండడం ఎంత కష్టమో డాక్టరమ్మకు తెలీదు.

ఊళ్ళో జనం వచ్చి కట్టు విప్పి చూపించమన్నారు. చూసి నిరుత్సాహపడ్డారు. "ఇంతేనా? మా పుంజు పొడిస్తే దీనికన్నా పెద్ద గాయమైంది. మూడోనాటికి పడవెక్కేశాను," అన్నాడు ఒకాయన. గాయం చూడ్డానికి పళ్ళు కూడా పట్టుకొచ్చిన ఇంకొకాయన, ఆ కంతల పరిమాణం చూశాక, పళ్ళు తిరిగి పట్టుకుపోయాడు.

సరిగ్గా అప్పుడే సంఘంలో అవిశ్వాస తీర్మానం వచ్చింది.

అధ్యక్షుడు లంకే వరహాలు తాతబ్బాయికి బావ వరస. సంఘం ఐసుపెట్టెను ఇంట్లో పెట్టుకుని మజ్జిగ చల్లబెట్టుకుంటున్నాడని అతని మీద అభియోగం. అది మోపినవాడు కొల్లాటి బుల్లెబ్బాయి. వయసులో చిన్నవాడు, గొంతులో పెద్దవాడు. పాలకవర్గంలో పదకొండుమంది ఉంటే ఐదుగురు ఇటు, ఐదుగురు అటు. పదకొండోవాడు మెళ్ళో ఉయ్యాలపట్టీతో వెనక బల్ల మీద కూర్చున్నాడు.

సమావేశం నడపడానికి సహకార శాఖ నుంచి వేమకోటి నరసింగరావు గారు జీపులో వేంచేశారు. మామూలుగా మాట్లాడడం ఆయన ఉద్యోగంలో చేరిన రోజునే మానేశారు. నిలబడి నిబంధన చదివారు.

"సభ్యులు తమ ఓటు హస్తమును శిరస్సున కంటె ఎత్తుగా ఎత్తి తమ అభిమతమును వ్యక్తపరచవలెను. తీర్మానమునకు అనుకూలురు ఎత్తుడు."

బుల్లెబ్బాయితో కలిపి ఐదు చేతులు లేచాయి. అందరూ వెనక బల్లకేసి తిరిగారు.

"ఏమయ్యా తాతబ్బాయీ, నీ అభిమతమేమి?"

"సెయ్యి లేవదండి బాబుగారూ. నోటితో చెప్పనాండీ?"

"నోటికి ఓటుహక్కు లేదు."

"పోనీ ఎడంచెయ్యి ఎత్తనాండీ?"

నరసింగరావు గారు సభ్యత్వ పుస్తకం తిప్పి చూశారు. "సంఘములో చేరినపుడు నీవు కుడిబొటనవేలి ముద్ర వేసితివి. సంఘమునకు పరిచయమున్నది నీ కుడిచేయితో మాత్రమే. ఆ ఎడమచేయి ఎవరిదో ఈ సభకు తెలియదు."

"నాదేనండి."

"అట్లని నీవనుచున్నావు."

"లేవలేదంటే నా వైపనే కదండీ!" అన్నాడు వరహాలు సంబరంగా.

నరసింగరావు గారు చూపుడువేలు ఎత్తారు. "ఎత్తకపోవుట ఒక అభిప్రాయము. ఎత్తలేకపోవుట ఒక అనారోగ్యము. అనారోగ్యమును అభిప్రాయముగా లెక్కించుటకు నాకు అధికారము లేదు. ఇట ఏది ఏదో తేలు పర్యంతము, అనగా సదరు హస్తము కోలుకొను పర్యంతము, ఈ సభ వాయిదా. వివాదాస్పదమైన ఐసుపెట్టెకు సీలు."

వరహాలు ఇంట్లో ఉన్న ఐసుపెట్టెకు, లోపలి మజ్జిగతో సహా, లక్క సీలు పడింది.

"అయితే ఇంటికెళ్ళొచ్చాండీ?" అనడిగాడు తాతబ్బాయి.

"వెళ్ళవచ్చును. అయితే సభ ముగియలేదు గనుక, సభలో ఉన్నట్లే వెళ్ళవలెను."

తాతబ్బాయి సభలో ఉన్నట్లే ఇంటికి వెళ్ళాడు. సభలో ఉన్నట్లే అన్నం తిన్నాడు. సభలో ఉన్నట్లే పడుకుంటే నిద్ర మాత్రం బాగా పట్టింది.

ఐసు లేక ఊళ్ళో చేప మధ్యాహ్నానికే మెత్తబడుతోంది. దాంతో జనం పలకరింపు మారిపోయింది. ఎదురుపడ్డవాళ్ళెవరూ అతని మొహం చూడ్డం లేదు. జబ్బకేసి చూసి, "ఎలాగుంది?" అంటున్నారు. పల్లాలమ్మ బజారుకెళ్తే కూరలమ్మే ఆవిడ కూడా, "నువ్వెలాగున్నావమ్మా?" అనడం మానేసి, "అదెలాగుంది?" అంటోంది.

వరహాలు ఒక పొద్దున్న బూరుగుదూది దిండు చంకలో పెట్టుకుని వచ్చాడు. జబ్బ ఎంతకాలం లేవకపోతే అతను అంతకాలం అధ్యక్షుడు.

"ఇది జబ్బ కింద పెట్టుకో బావా. అసలు కదపకు. నీకేం తొందర? ఏడాది కాకపోతే రెండేళ్ళు పడుకో. చేపలు ఎక్కడికి పోతాయి?"

ఆ సాయంత్రమే బుల్లెబ్బాయి ఒక మాలీషు మనిషిని వెంటబెట్టుకొచ్చాడు. నల్లటి నూనె, బుర్ర మీసాలు.

"ఈయన చెయ్యేస్తే విరిగిన తెడ్డు కూడా లేచి నిలబడుద్ది బాబాయ్. ఒక్క గుంజు గుంజితే రేపే ఓటెయ్యొచ్చు. కంతలు కూడా చిన్నయ్యే కదా!"

మాలీషు మనిషి చేతులు రుద్దుకుంటూ ముందుకొచ్చాడు. పల్లాలమ్మ చేపలు కోసే కత్తిపీట పట్టుకుని అంతకన్నా ముందుకొచ్చింది.

"లోపల లంగరేసుంది. ముట్టుకున్నావంటే నీ మీసాలకి లంగరేస్తాను."

నూనె సీసా వదిలేసి వెళ్ళారు. దాన్ని ఆవిడ దీపాలకు వాడుకుంది.

నెలన్నర గడిచి పట్టీ విప్పారు. డాక్టరమ్మ చెప్పిన కసరత్తు కోసం తాతబ్బాయి పాత పడవ కప్పీని గుమ్మం పైన బిగించి, దాని మీదుగా తాడు వేశాడు. తాడు ఒక కొస కుడిచేతికి, రెండోది ఎడంచేతికి. ఎడంచేత్తో కిందికి లాగితే కుడిచెయ్యి తనంతట తాను కష్టపడకుండా పైకి వెళ్తుంది. మొదటిరోజు ఛాతీదాకా వచ్చింది. తాతబ్బాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి, సగం నొప్పికి, సగం ఆనందానికి.

రెండోరోజు గుమ్మం ముందు జీపు ఆగింది.

"ఆపుము!" అన్నారు నరసింగరావు గారు దిగుతూనే. "సభ జరుగుచుండగా ఓటు హస్తమును ఎత్తుచున్నావా?"

"కసరత్తండి."

"ఎవరు ఎత్తుచున్నారు?"

"ఎడంచెయ్యండి."

నరసింగరావు గారి మొహం గంభీరమైపోయింది. "అనగా ఒక హస్తముచే మరియొక హస్తము ఒత్తిడికి గురియై ఎత్తబడుచున్నది. ఇది ప్రేరేపిత హస్తోత్థానము. సభ్యుని స్వేచ్ఛకు భంగకరము. పైగా ఆ ఎడమచేయి సంఘములో సభ్యురాలు కూడ కాదు."

"రెండూ ఆయనయ్యే కదండీ!" అంది పల్లాలమ్మ.

"అమ్మా, కుటుంబములలోనే ఒత్తిడులు అధికము."

కప్పీకి కూడా లక్క సీలు పడింది.

అక్కణ్ణుంచి రోజులు గడుస్తున్నకొద్దీ జబ్బ గట్టిపడడం మొదలెట్టింది. తలుపు గడియ తియ్యాలన్నా మనిషంతా పక్కకు వంగాల్సొస్తోంది. ఒకరోజు పల్లాలమ్మ చూస్తుండగా తాతబ్బాయి గోడకు తగిలించిన వల దగ్గరికెళ్ళి, దాన్ని దించడానికి చెయ్యి చాపి, సగంలో ఆగిపోయి, ఊరికే దాని అంచు నిమిరి వచ్చేశాడు. ఆవిడ మర్నాడు తొలి బస్సుకే పట్నం వెళ్ళింది.

డాక్టరమ్మ కాగితం మీద నాలుగు ముక్కలు కోపంగా రాసి ఇచ్చింది. ఈ జబ్బ రోజూ కదలాలి, కదలకపోతే ఎప్పటికీ ఎవరికీ ఓటెయ్యదు అన్నది దాని సారాంశం.

ఎప్పటికీ అన్న మాటకు శాఖ కదిలింది. సభ ఎప్పటికీ ముగియకపోతే దాని టీ ఖర్చు ఏ పద్దు కింద రాయాలో ఎవరికీ తెలీదు. పైఆఫీసు నుంచి ఉత్తర్వు వచ్చింది. నరసింగరావు గారు దాన్ని తాతబ్బాయి పెరట్లో నిలబడి చదివారు.

"సదరు హస్తము వైద్యావసరార్థము ఎత్తబడవచ్చును. అయితే ఉభయ పక్షముల ప్రతినిధులు హాజరై ఉండవలెను. కోణమును సర్వే శాఖ వారు కొలవవలెను. భూమికి సమాంతరముగా నున్న హస్తము ఆలోచనలో ఉన్న హస్తముగా పరిగణింపబడును. అంతకు దిగువనున్నది నిద్రావస్థలో ఉన్నది. శిరస్సును దాటినది మాత్రమే అభిమతము. శిరస్సును దాటు దినమున సభ పునఃప్రారంభము."

అలా ప్రతి పొద్దున్నా పెరట్లో జనం చేరేవారు. పొలాలు కొలిచే సర్వేయరు మూడుకాళ్ళ పరికరం పాతేవాడు. ఒక పక్క వరహాలు, ఇంకో పక్క బుల్లెబ్బాయి ముక్కాలిపీటల మీద కూర్చునేవారు. తాతబ్బాయి గోడకు ఎదురుగా నిలబడి, వేళ్ళతో గోడ మీద పాకించుకుంటూ కుడిచెయ్యిని పైకి తీసుకెళ్ళేవాడు. వేళ్ళు ఆగినచోట పల్లాలమ్మ బొగ్గుతో గీత పెట్టేది.

"నిద్రావస్థ!" అని కేకేసేవాడు సర్వేయరు.

మొదట్లో ఇద్దరు నాయకులూ కొట్టుకునేవారు. "ఇంకొంచెం, బాబాయ్, ఇంకొంచెం!" అని బుల్లెబ్బాయి. "చాల్చాలు, దించెయ్ బావా, కందిపోద్ది!" అని వరహాలు. తాతబ్బాయి ఇద్దరి మాటా వినేవాడు కాదు. జబ్బలో తాడు బిగిసినట్టు అనిపించగానే ఆగేవాడు. కాసేపు అక్కడే ఉంచేవాడు. దించేవాడు.

కానీ ఒక జబ్బను రోజూ పొద్దున్నే చూస్తూ కూర్చోవడం సామాన్యమైన విషయం కాదు. వానలు వచ్చి వెళ్ళేసరికి వరహాలు ఇంటి దగ్గర్నుంచి వేన్నీళ్ళ కాపడానికి గుడ్డ తేవడం మొదలెట్టాడు. బుల్లెబ్బాయి తొందరపెట్టడం తగ్గించాడు. ఒక పొద్దున్న బొగ్గు గీత నిన్నటి గీతను దాటిపోయింది.

"బెత్తెడు ఎక్కువెళ్ళింది!" అని పీట మీంచి లేచాడు వరహాలు మొహం వెలిగిపోతూ. వెంటనే తన పదవి గుర్తొచ్చి కూర్చున్నాడు. "అంటే, మరీ అంత తొందరేం లేదనుకో."

"ఆలోచన!" అని కేకేశాడు సర్వేయరు. చెయ్యి భూమికి సమాంతరంగా వచ్చింది.

జబ్బ ఆలోచనలో పడిందన్న వార్త జిల్లా అంతా పాకింది. ఇంత నిష్పక్షపాతంగా కోలుకుంటున్న భుజం ఇంతవరకూ ఎక్కడా లేదని పైవారు తీర్మానించారు. భుజారోగ్య పక్షోత్సవాలు ప్రకటించారు. గోడల నిండా 'లేచిన భుజమే ప్రగతికి నిజం' అని రాయించారు. అన్ని సంఘాల సభ్యులకూ భుజ పరీక్షలు పెడితే సగంమందికి ఏదో ఒక నొప్పి బయటపడి, జిల్లాలో సగం సంఘాల సమావేశాలు వాయిదా పడ్డాయి. సంఘీభావం కింద అధికారులంతా మెళ్ళో ఉయ్యాలపట్టీలు వేసుకున్నారు. కుడిచెయ్యి పట్టీలో ఉన్నందువల్ల ఎవరూ సంతకాలు పెట్టలేదు. ఆ పదిహేను రోజులూ జిల్లాలో పరిపాలన సాఫీగా సాగిందని జనం చెప్పుకున్నారు.

ముగింపు సభలో తాతబ్బాయిని వేదిక ఎక్కించి, సన్మానించదలచినది భుజాన్నే కనుక, బిందె అంత బంతిపూల దండ సరిగ్గా కుడిజబ్బ మీద వేయబోయారు.

"బరువెయ్యకూడదండి," అన్నాడు తాతబ్బాయి వెనక్కి జరుగుతూ.

"ఇది బరువు కాదు, గౌరవము," అన్నారు నరసింగరావు గారు.

"గౌరవం ఎడం పక్కన వెయ్యండి."

"ఆ భుజముతో శాఖకు పరిచయము లేదు," అన్నారాయన. చివరికి ఆ దండను పల్లాలమ్మ అందుకుని, ఇంటికి పట్టుకెళ్ళి, నాలుగురోజులు గుమ్మాలకు వాడింది.

చలి వెళ్ళి ఎండ మొదలయ్యేసరికి డాక్టరమ్మ చేత్తో నొక్కి, తిప్పి, లాగి చూసి నవ్వింది. "లంగరు పట్టింది. ఇక నెమ్మదిగా నీ పని నువ్వు చేసుకో. వల మాత్రం ముందు చిన్నది విసురు."

పదకొండుమందినీ మళ్ళీ సంఘం ఆఫీసులో కూర్చోబెట్టారు. కిటికీల్లో ఊరంతా వేలాడుతోంది. సర్వేయరు పరికరం బల్ల ఎక్కింది. సీలు వేసిన ఐసుపెట్టెను సాక్ష్యంగా తెచ్చి మధ్యలో పెట్టారు. నరసింగరావు గారు గొంతు సవరించుకుని తీర్మానం మొదట్నుంచి మళ్ళీ చదివారు. చదువుతూ చదువుతూ ఐసుపెట్టె చరిత్రలోకి వెళ్ళారు. అక్కణ్ణుంచి సహకారోద్యమం ఆవశ్యకతలోకి వెళ్ళారు.

తాతబ్బాయి కిటికీలోంచి పాయకేసి చూశాడు. పోటు తగ్గుముఖం పడుతోంది. ఇసకతిన్నె పక్కన నీళ్ళ మీద చిన్న చిన్న సుడులు లేస్తున్నాయి. అక్కడ ఇప్పుడు చేప ఉంటుంది. గంట ఆగితే ఉండదు. ఇంటి దగ్గర పల్లాలమ్మ చిన్న వల బాగుచేసి గుమ్మంలో పెట్టి ఉంచింది.

"...కావున అనుకూలురు ఎత్తుడు," అన్నారు నరసింగరావు గారు.

బుల్లెబ్బాయివైపు ఐదు చేతులూ లేచాయి. తాతబ్బాయి చెయ్యి మోకాలి మీంచి కదిలింది.

చెయ్యి ఛాతీ దాటింది. "ఆలోచన," అన్నాడు సర్వేయరు. చెయ్యి గడ్డం దాటింది, చెవి దాటింది. ఎక్కడా ఆగలేదు, ఎక్కడా వణకలేదు. తల దాటి, నిటారుగా, వేళ్ళు విచ్చుకుని నిలబడింది.

"లేచిందిరోయ్!" అని కేక పెట్టాడు వరహాలు.

అతను కుర్చీలోంచి ఎగిరి రెండు చేతులూ ఆకాశానికెత్తేశాడు. ఇన్నాళ్ళూ వేన్నీళ్ళ కాపడం పెట్టిన మనిషి, ఆగలేకపోయాడు. అతన్ని చూసి అతని పక్షం నలుగురూ లేచి చేతులెత్తి గంతులేశారు. కిటికీల్లో ఊరు చేతులెత్తింది.

నరసింగరావు గారు లెక్కపెట్టారు. మళ్ళీ లెక్కపెట్టారు. "తీర్మానము ఏకగ్రీవముగా ఆమోదింపబడినది. అధ్యక్షులవారు తమపై తమకే విశ్వాసము లేదని కుడిచేతితో తెలియజేసిరి. ఎడమచేతితో కూడ తెలియజేసిరి గాని, దానిని పరిగణించలేము."

వరహాలు చేతులు ఇంకా పైనే ఉన్నాయి. మొహంలో నవ్వు మాత్రం దిగిపోయింది.

"నేను ఓటెయ్యలేదండి! నేను సంతోషించానండి!"

"సంతోషము నోటితో వ్యక్తపరచవలసినది."

బుల్లెబ్బాయి వచ్చి తాతబ్బాయిని కావలించుకోబోయాడు. "బాబాయ్, నువ్వు మా వైపేనని నాకు మొదట్నుంచీ తెలుసు!"

"నేనూ ఓటెయ్యలేదురా," అన్నాడు తాతబ్బాయి. చెయ్యి ఇంకా దించలేదు. నరసింగరావు గారి వైపు తిరిగాడు. "బాబుగారూ, పోటు తీస్తోందండి. నేనెళ్ళొచ్చాండీ అని అడుగుదామని ఎత్తాను."

అడగడం ఓటవుతుందా, ఓటు అడగడమవుతుందా అన్న విషయం మీద నరసింగరావు గారి పెదాలు కదిలాయి గానీ, ఆ లోపల ఎవరో ఐసుపెట్టె సీలు విప్పారు. ఏడాదినాటి మజ్జిగ బయటికొచ్చింది. సభ తనంతట తానే ముగిసింది. ముక్కులు మూసుకుని అందరూ గుమ్మంకేసి పరిగెడుతుంటే వెనక వరహాలు కేక వినిపించింది. ఎత్తిన చేతులు దించబోతే కుడిజబ్బలో టక్కుమంది.

వరహాలుకు కూడా మూడు చిన్న కంతలే పెట్టారు. కొత్త అధ్యక్షుణ్ణి చేతులెత్తే ఎన్నుకోవాలి. సభ్యుడైన వరహాలు చెయ్యి లేవదు. నరసింగరావు గారు ఎన్నికను సదరు హస్తము కోలుకొను పర్యంతం వాయిదా వేసి, అప్పటిదాకా సంఘం అనాథ కాకూడదు కనుక, ఆపద్ధర్మ అధ్యక్షుడుగా వరహాలునే నియమించారు.

ఆసుపత్రి నుంచి తెచ్చాక ఒక సాయంత్రం అతను మెళ్ళో ఉయ్యాలపట్టీతో రేవులో వచ్చి కూర్చున్నాడు. జబ్బ కింద బూరుగుదూది దిండు. దాన్ని తాతబ్బాయే ఉతికి, ఎండబెట్టి, పొద్దున్న తిరిగి ఇచ్చి వచ్చాడు.

"ఎన్నాళ్ళు పడుద్ది బావా?" అనడిగాడు వరహాలు. "కంతలు చూస్తే చిన్నయ్యే."

తాతబ్బాయి మోకాలి లోతు నీళ్ళలో నిలబడి ఉన్నాడు. చిన్న వల అంచు ఎడం మోచేతి మీద వేసుకున్నాడు. మిగతాది కుడిచేత్తో సర్దుకున్నాడు.

"కంతకేసి చూడకు. లోపల లంగరుంది," అన్నాడు.

నడుము తిప్పాడు. కుడిచెయ్యి కింద నుంచి లేచి, భుజం దాటి, చెవి దాటి, తల మీదికి వెళ్ళింది. వల గాల్లో గుండ్రంగా విచ్చుకుని, ఒక్క మడతైనా లేకుండా నీళ్ళ మీద పరుచుకుంది.

చేపలు పడ్డాయో లేదో చూడకుండానే గట్టు మీంచి వరహాలు చప్పట్లు కొట్టబోయాడు.

"కూచో!" అంది పక్కనే గంప పట్టుకుని నిలబడ్డ పల్లాలమ్మ. "సంతోషం నోటితో చెప్పన్నయ్యా."